టార్పెడో పుట్టుపూర్వోత్తరాలు

తుంగభద్రకు, పెన్నకు నడుమ మెట్టసీమలో జీవించే మనకు నౌకాయుద్ధం పరాయి విషయంగా తోచవచ్చును. కర్నూలులో గాని కడపలో గాని అలల చప్పుడు వినబడదు. నాలుగు వానలు కురిసి చెరువు నిండిన యేడు, దాని కట్టమీద నిలిచి నీటిని చూచుటే మనకు పండుగ. అయినను సముద్రం అడుగున నడిచే ఒక ఆయుధం కథకు మన నల్లరేగడి చేలతోను, మన దిగుడుబావులతోను, మన పిల్లలు ఆడే బొంగరంతోను సంబంధమున్నది. ఆ ఆయుధమే టార్పెడో. అది నేడు మన రాష్ట్రంలోని విశాఖపట్నంలోనే రూపొంది తయారవుతున్నది. అయితే అది ఎట్లు పుట్టినది, దానిని పుట్టించినవారికి ఎదురైన చిక్కు ఏమిటి అన్నది తెలిసినవారు తక్కువ.

ఆ చిక్కును ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. కంటికి కనబడక, లోపల మనిషి లేక, నీటి అడుగున పోయే యంత్రం తాను దారి తప్పినట్లు తానే తెలుసుకొని, తానే సర్దుకొనుట ఎట్లు? ఫిరంగి గుండుకు ఈ బాధ లేదు. గొట్టం విడిచిన క్షణాన దాని గతి నిశ్చయమైపోతుంది. నీటిలో పోయే వస్తువు సంగతి అట్లు కాదు. కెరటం దానిని పైకి నెట్టుతుంది, బరువు క్రిందికి లాగుతుంది, ప్రవాహం ప్రక్కకు త్రిప్పుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ సమస్యను విప్పుటకు నూరేండ్లు పట్టినది.

ముందు పేరు సంగతి. టార్పెడో అనునది నిజానికి ఒక చేప పేరు. తనను తాకినవారికి విద్యుదాఘాతం కలిగించి చేయి తిమ్మిరెక్కించే ఒక జాతి సముద్రపు చేపను లాటిను భాషలో అట్లు పిలిచినారు. మొద్దుబారుట అని ఆ మాటకు మూలార్థం. అమెరికా దేశస్థుడైన రాబర్టు ఫుల్టను 1800 ప్రాంతంలో నీటిలో పేలే మందుపెట్టెలకు ఈ పేరును వాడి వ్యాప్తిలోనికి తెచ్చినాడు. కాబట్టి ఆ శతాబ్దపు తొలి అరవై యేండ్ల చరిత్రలో టార్పెడో అన్నమాట కనబడినచోటనెల్ల నేటి ఆయుధాన్ని ఊహించుకొనరాదు. నీటిపై తేలే పీపా, లంగరు వేసి ముంచి ఉంచిన పెట్టె, గడకొనకు కట్టి పొడిచే మందుడబ్బా, ఇవన్నియు ఆనాడు టార్పెడోలే. నేడు మైను అని మనం పిలిచే వస్తువుకు కూడ అదే పేరు.

ఓడను పైన కొట్టక అడుగున కొట్టుట దేనికి? తుంగభద్రలో పుట్టి ఎక్కినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పుట్టి అంచు కొంత చినిగినా ప్రయాణం సాగుతుంది. అడుగున చిల్లిపడితే సాగదు. ఓడ విషయమూ అంతే. పైగా గాలి వలె నీరు అదిమితే అదిగేది కాదు. నీటిలో పేలిన మందు శక్తి గాలిలోవలె చెదరిపోక ఓడ గోడను నేరుగా తాకుతుంది. 1859లో ఫ్రాన్సు, ఆ మరుసటి యేడు ఇంగ్లండు ఇనుప కవచాలు తొడిగిన పెద్ద యుద్ధనౌకలను సముద్రంలోనికి దింపినవి. ఫిరంగి గుండ్లు వాటిని తాకి ప్రక్కకు జారిపోసాగినవి. అయితే ఆ కవచం నీటిమట్టానికి కొంచెం క్రిందివరకే. ఆ క్రింద ఓడ కడుపు మెత్తనిదే. శత్రువు చూపు సహజంగానే అక్కడికి మళ్లినది.

ఈ యత్నాలకు మొదటివాడు డేవిడ్ బుష్నెల్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1776లో అతడు ఒక్క మనిషి పట్టే కొయ్య జలాంతర్గామిని కట్టి, న్యూయార్కు రేవులో ఉన్న బ్రిటిషు ఓడ క్రిందికి దానిని పంపినాడు. మందుపెట్టెను ఓడ అడుగుకు బిగించుట సాధ్యం కాలేదు. తరువాత ఫుల్టను వచ్చినాడు. అతడు తన ఊహను మొదట ఫ్రాన్సుకు, పిదప ఇంగ్లండుకు చూపినాడు. 1805 అక్టోబరు 15న ఇంగ్లండు తీరాన డొరొతీయా అను పాత ఓడను అందరూ చూచుచుండగా రెండు ముక్కలు చేసినాడు. అయినను బ్రిటిషు నౌకాధికారులు ఉత్సాహపడలేదు. సముద్రంపై ఆధిపత్యం చేతిలో ఉన్నవారికి ఈ విద్య అవసరం లేదు, ఇది ఫలిస్తే ఉన్న ఆధిపత్యమే పోతుంది అని ఒక వృద్ధ నౌకాధిపతి అభిప్రాయపడినట్లు చెప్పుదురు. ఆ మాటలో దూరదృష్టి ఉన్నది. టార్పెడో బలహీనునికి బలవంతునిపై దొరికిన ఆయుధం. అందుచేతనే బలవంతులు దానిని అసహ్యించుకొన్నారు, భయపడినారు, చివరకు అందరికంటె ఎక్కువగా కొన్నారు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనది. ఇక్కడినుండి కథకు మన సీమతో సంబంధం ఏర్పడుతున్నది. దక్షిణాది రాష్ట్రాలకు పత్తియే సంపద. ఆ పత్తి ఇంగ్లండు మిల్లులకు పోకుండ ఉత్తరాది ప్రభుత్వం రేవులన్నిటి ముందు ఓడలను కాపలా ఉంచినది. మిల్లులకు పత్తి కరువైనది. వ్యాపారుల చూపు మన దేశం వైపు తిరిగినది. కర్నూలు, బళ్లారి జిల్లాల నల్లరేగడిలో పండిన పత్తికి అంతకు మునుపు ఎన్నడు లేని ధర వచ్చినది. 1865లో యుద్ధం ముగిసినది, ధర పడిపోయినది. హెచ్చు ధరలు నమ్మి అప్పులు చేసినవారు చిక్కులలో పడినారు. ఎక్కడో అమెరికా రేవుల ముందు నిలిచిన ఓడల బారు ఇక్కడ రైతు ఇంటి జమాఖర్చులను తారుమారు చేసినది.

ఆ ఓడల బారును ఛేదించుటకే దక్షిణాదివారు టార్పెడోలను ఆశ్రయించినారు. నదులలోను రేవులలోను మందుపీపాలు ముంచి ఉంచినారు. 1862 డిసెంబరులో యాజూ నదిలో కైరో అను ఇనుప కవచపు ఓడ, 1864 ఆగస్టులో మొబైల్ అఖాతంలో టెకమ్సే అను మరొక ఓడ ఇట్టి పీపాల వలన మునిగినవి. ఇంకొక ఉపాయం గడ టార్పెడో. పొడవైన గడ చివర మందు కట్టి, చిన్న పడవలో పోయి శత్రునౌక అడుగున పొడుచుట. 1864 ఫిబ్రవరి 17 రాత్రి చార్లెస్టను రేవు వెలుపల హన్లీ అను జలాంతర్గామి ఈ విధంగా హౌసటోనిక్ అను కాపలా ఓడను ముంచినది. దానిని నడిపినది యంత్రం కాదు. లోపల కూర్చున్న ఎనమండుగురు మనుష్యులలో ఏడుగురు చేతులతో ఇరుసు త్రిప్పినారు, ఒకడు దారి నడిపినాడు. ఆ ఎనమండుగురిలో ఒక్కడును తిరిగి రాలేదు. అంతకు మునుపే పరీక్షలలో అది రెండుసార్లు మునిగి 13 మందిని బలిగొన్నది. వారిలో ఆ పడవ నిర్మాణానికి మూలపురుషుడైన హన్లీ ఒకడు. 2000 సంవత్సరంలో దానిని సముద్రగర్భంనుండి పైకి తీసినప్పుడు ఆ నావికుల అస్థికలు లోపలనే ఉన్నవి.

గడ టార్పెడో నేర్పిన పాఠం స్పష్టమైనది. చంపబోయినవాడు తానును చావవలసి వచ్చే ఆయుధం చిరకాలం నిలువదు. మందు ఒంటరిగా పోవలెను. మనిషి దూరాన ఉండవలెను. ఈ ఆలోచన అదివరకే ఆస్ట్రియా నౌకాదళంలో పనిచేసిన జొవాన్ని లుప్పిస్ మనసులో ఉన్నది. అతడు ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఫ్యూమె పట్టణస్థుడు. ఆ పట్టణమే నేటి క్రొయేషియాలోని రియేకా. గడియారపు చుట్టుతో నడిచే చిన్న పడవలో మందు నింపి, ఒడ్డునుండి త్రాళ్లతో దాని చుక్కానిని త్రిప్పుచు శత్రునౌక మీదికి పంపవలెనని అతని యత్నం. దానికి అతడు పెట్టిన పేరు తీరరక్షకి అన్న అర్థమిచ్చేది. 1860లో ఆస్ట్రియా చక్రవర్తికి దానిని చూపినాడు. నీటిపై తేలే పడవ శత్రువు కంటబడుతుంది, త్రాళ్లు చిక్కుపడుతవి, చుట్టు చాలినంత దూరం నడపదు. కాబట్టి ప్రభుత్వం అంగీకరించలేదు.

1864లో లుప్పిస్‌కు ఆ పట్టణంలోనే ఇంజను కర్మాగారం నడుపుచున్న రాబర్టు వైట్‌హెడ్‌తో పరిచయమైనది. వైట్‌హెడ్ 1823లో ఇంగ్లండులోని బోల్టనులో పుట్టినవాడు; ఓడల ఇంజనులు, బాయిలర్లు కట్టుటలో ఆరితేరినవాడు. లుప్పిస్ నమూనాను పరిశీలించి దానిని బాగుచేయుట వృథా అని అతడు గ్రహించినాడు. త్రాళ్లను, తేలే పడవను విడిచి, చేప ఆకారంలో ఉక్కు గొట్టాన్ని నిర్మించి నీటి అడుగుననే నడిపించవలెనని నిశ్చయించినాడు. తన పండ్రెండేండ్ల కుమారుడు జాన్, ఒక ముసలి పనివాడు తప్ప ఇతరులెవ్వరును లేకుండ రహస్యంగా రెండేండ్లు పనిచేసినట్లు చెప్పుదురు. 1866 డిసెంబరులో ఆస్ట్రియా నౌకాధికారుల ముందు తొలి టార్పెడో నడిచినది. గంటకు సుమారు 12 కిలోమీటర్ల వేగం. సుమారు 200 గజాల దూరం. అదే కాలంలో మన సుంకేశుల ఆనకట్ట దగ్గరనుండి కర్నూలు–కడప కాలువ త్రవ్వకం సాగుచున్నదని జ్ఞాపకముంచుకొంటే ఆ రోజులు మనకు అంత దూరమైనవి కావు.

ఈ యంత్రంలో మూడు ప్రశ్నలకు సమాధానం కావలెను: నడిపే శక్తి ఏది? లోతు ఎట్లు నిలుచును? దిక్కు ఎట్లు నిలుచును?

శక్తికి వైట్‌హెడ్ గాలిని ఎన్నుకొన్నాడు. బోరుబావి త్రవ్వే బండి మన పల్లెకు వచ్చినప్పుడు, దాని కంప్రెసరు అదిమిపట్టిన గాలి రాతిని ఎట్లు పిండి చేయునో రాయలసీమలో చూడనివారు లేరు. బేతంచెర్ల రాతిగనులలో రంధ్రాలు తొలిచేది కూడ ఆ గాలియే. ఉక్కు తిత్తిలో ఎక్కువ ఒత్తిడితో గాలిని బంధించి, దానిని కొద్దికొద్దిగా చిన్న ఇంజనులోనికి విడిచితే ఇంజను తిరుగుతుంది. వెనుకనున్న మర నీటిని త్రోయుచు టార్పెడోను ముందుకు నడుపుతుంది. నిప్పు అక్కరలేదు, పొగ లేదు. లోపమొక్కటే: పని ముగిసిన గాలి బుడగలై పైకి వచ్చి, టార్పెడో వచ్చే దారిని తెల్లని చారగా చూపెట్టుతుంది.

ఇక లోతు. టార్పెడో పైకి తేలితే కనబడుతుంది, కవచాన్ని తాకుతుంది. మరీ దిగితే ఓడ క్రిందుగా దాటిపోతుంది. దిగుడుబావిలో ఈదిన కుర్రవాడిని అడగండి. రెండు బారలు మునుగగానే చెవులు గడియ పడినట్లగును. ఇంకా దిగితే నొప్పి. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరుగుటయే దానికి కారణం. వైట్‌హెడ్ టార్పెడోకు అట్టి చెవిని అమర్చినాడు. ఒక పలక, దానికి వెలుపలి ప్రక్క నీటి ఒత్తిడి, లోపలి ప్రక్క ఒక స్ప్రింగు. నిర్ణయించిన లోతులో రెండును సమానం. టార్పెడో ఎక్కువ దిగితే నీరు పలకను లోపలికి నెట్టును. పలకకు కలిపిన చువ్వ వెనుకనున్న అడ్డ చుక్కానిని త్రిప్పి ముక్కును పైకెత్తును. పైకి వచ్చితే స్ప్రింగు గెలిచి ముక్కును క్రిందికి వంచును.

చెప్పుటకు సులభమే గాని, దీనిని నమ్మి విడిచిన టార్పెడో మునుగుచు తేలుచు పోయినది. ఎందువలన? క్రొత్తగా మేడి పట్టినవానిని చూడండి. సాలు ఎడమకు పోయిందని చూచి నాగలిని కుడికి నెట్టును. సాలు సరియైన చోటికి వచ్చువరకు నెట్టుచునే ఉండును. అప్పటికి ఎద్దుల తలలు కుడికి మళ్లి ఉండును. కాబట్టి సాలు ఆగక కుడికి దాటిపోవును. మరల ఎడమకు నెట్టును. చేనంతయు వంకర సాళ్లే. అనుభవమున్న రైతు సాలు ఎక్కడ ఉన్నదని మాత్రమే చూడడు. ఎద్దుల తలలు ఎటు చూచుచున్నవో అదియు చూచి, సాలు చోటికి రాకమునుపే చేతిని సడలించును. వైట్‌హెడ్ 1868లో ఈ రెండవ చూపును టార్పెడోకు ఇచ్చినాడు. పలకకు తోడుగా ఒక బరువైన లోలకాన్ని వ్రేలాడదీసినాడు. టార్పెడో ముక్కు వంగితే లోలకం ముందుకు, ఎత్తితే వెనుకకు ఊగును. లోతును పలక చెప్పును, వాలును లోలకం చెప్పును. రెండు మాటలు కలిసి చుక్కానిని నడుపును. అంతటితో మునకలు మాని టార్పెడో నిలకడగా పోయినది. ఈ అరను ఏండ్ల తరబడి రహస్యం అనియే పిలిచినారు. కొన్న దేశాలు దానిని బయటపెట్టబోమని మాట ఇచ్చి కొన్నవి.

ఒక యంత్రం తన పొరపాటును తాను కొలిచి, తానే దిద్దుకొనుట ఆవిరియంత్రపు వేగనియంత్రణలో అదివరకే ఉన్నది. కాని దానిని దారి తెలియని నీటిలో ఒంటరిగా పోయే వస్తువులో పెట్టి నమ్మకంగా పనిచేయించిన ఘనత వైట్‌హెడ్‌దే. నేటి విమానాన్ని ఎత్తు తప్పకుండ నడిపే స్వయంచాలక యంత్రానికి, క్షిపణికి, ఉపగ్రహ వాహకనౌకకు ఇదే మూలసూత్రం.

1870లో ఇంగ్లండులో పరీక్షలు జరిగినవి. టార్పెడో దెబ్బకు ఒక పాత ఓడ అడుగున పెద్ద గండిపడి అది మునిగిపోయినది. మరుసటి యేడు బ్రిటిషు ప్రభుత్వం 15,000 పౌండ్లు చెల్లించి తయారుచేసుకొనే హక్కును కొన్నది. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, రష్యా మొదలైన దేశాలు ఒకదాని వెంట ఒకటి కొన్నవి. లుప్పిస్ మాత్రం 1875లో మరణించినాడు. అతని తీరరక్షకి లోకమంతట వైట్‌హెడ్ టార్పెడోగా ప్రసిద్ధికెక్కినది.

దాని తలలో నింపిన మందు సంగతి కూడ మన పత్తి రైతులు వినదగినది. పత్తిని నత్రికామ్లం, గంధకికామ్లం కలిపిన ద్రవంలో నానబెడితే చూపునకు పత్తివలెనే ఉండి, తుపాకిమందును మించి పేలే పదార్థమగును. దీనిని గన్‌కాటన్ అందురు. 1846లో షోన్‌బైన్ అను రసాయనజ్ఞుడు దీనిని కనుగొన్నాడు. అయితే తయారీలోను నిలువలోను అది తనంత తానే పేలి ఎందరినో చంపినది. 1868లో ఇంగ్లండులోని ఊలిచ్‌లో ఫ్రెడరిక్ ఏబెల్ అను రసాయనజ్ఞుని సహాయకుడు బ్రౌను ఒక వింతను గమనించినాడు. నీటితో తడిసిన గన్‌కాటన్‌కు నిప్పు అంటుకొనదు గాని, దాని ప్రక్కన కొద్దిపాటి పొడి గన్‌కాటన్‌ను పేల్చితే తడిదియు పూర్తి బలంతో పేలును. దీనివలన ఓడలో అపాయం లేకుండ టార్పెడోలను నిలువచేయుట సాధ్యమైనది. కాయకు చినుకు తగిలితే పత్తి చెడునని దిగులుపడే మనకు, తడిసిన పత్తి యుద్ధనౌకలను ముంచిన కథ విడ్డూరంగా తోచకమానదు.

యుద్ధంలో టార్పెడోను మొదట ప్రయోగించినది 1877 మే 29న. పెరూ తీరాన తిరుగుబాటుదార్ల చేతిలో చిక్కిన హువాస్కర్ అను ఇనుప కవచపు ఓడపై షా అను బ్రిటిషు ఓడ ఒక టార్పెడోను విడిచినది. హువాస్కర్ మళ్లిపోయినది, టార్పెడో తాకలేదు. ఆ తేదీన మన సీమ స్థితి ఏమిటి? అవి ధాత కరువు రోజులు. 1876 నుండి 1878 వరకు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలలో లెక్కలేనంతమంది ఆకలితోను రోగాలతోను రాలిపోయినారు. ఒకే ప్రభుత్వం క్రింద ఒకచోట గంజికేంద్రాలలో గింజలను కొలిచి పోయుచుండగా, మరొకచోట కొత్త ఆయుధాన్ని గురిచూచి విడుచుచున్నారు. ఆయుధాల చరిత్రను చదువునప్పుడు ఈ రెండవ చరిత్రను ప్రక్కన పెట్టుకొని చదువుట మనకు న్యాయం.

1878 జనవరిలో బాటుమి రేవులో లంగరు వేసియున్న ఇంతిబా అను తుర్కీ ఓడను రష్యను పడవలు వైట్‌హెడ్ టార్పెడోలతో ముంచినవి. ఆ దాడిని నడిపినవాడు స్టెపాన్ మకారొవ్. స్వయంగా నడిచే టార్పెడో ముంచిన తొలి ఓడ ఇదే. 1891 ఏప్రిలు 23న చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎంకలాడ అను పెద్ద ఇనుప కవచపు నౌక రేవులోనే టార్పెడోకు బలియైనది. సుమారు 180 మంది మరణించినారు. కోట్ల విలువగల యుద్ధనౌకకు చిన్న పడవ గండమైనదని లోకం నిశ్చయించుకొన్నది.

ఇక మిగిలినది దిక్కు. ఇక్కడ మన బొంగరం రంగంలోనికి వచ్చుచున్నది. లూయీ బ్రెన్నన్ అను ఆస్ట్రేలియా నివాసి, బొంగరానికి చుట్టిన తాడును వెనుకకు లాగితే బొంగరం తిరుగుటయే ఆధారంగా ఒక టార్పెడోను కట్టినాడు అనవచ్చును. దాని కడుపులో రెండు కండెలకు సన్నని ఉక్కుతీగ చుట్టి ఉండును. ఒడ్డుననున్న ఆవిరియంత్రం ఆ తీగలను వెనుకకు లాగును. కండెలు తిరిగి, వాటికి తగిలించిన మరలు టార్పెడోను ముందుకు నడుపును. ఒక తీగను మరొకదానికంటె వేగంగా లాగితే అది ప్రక్కకు తిరుగును. బ్రిటిషు ప్రభుత్వం దీనికి 1,10,000 పౌండ్లు చెల్లించి రేవుల రక్షణకు ఉపయోగించినది. కాని తీగ పొడవే దాని హద్దు. ఓడలో అమర్చుటకు పనికిరాలేదు.

తాడు విడిచిన బొంగరం మాటేమి? వేగంగా తిరుగునంతవరకు దానిని అరచేతిలోనికి ఎత్తినా, చేతిని ఎటు త్రిప్పినా దాని ఇరుసు నిటారుగానే నిలువజూచును. అమెరికా నౌకాదళంలోని హోవెల్ ఈ గుణాన్ని పట్టుకొని, సుమారు 60 కిలోల చక్రాన్ని నిమిషానికి 10,000 చుట్లు త్రిప్పి, ఆ వేగంతోనే టార్పెడోను నడిపినాడు. తిరిగే చక్రం దానిని దారి తప్పనీయలేదు, బుడగలును రాలేదు. 1890 దశకం మధ్యలో ఆస్ట్రియా దేశపు ఇంజనీరు లుడ్విగ్ ఓబ్రి ఇంకను తెలివైన మార్గం చూపినాడు. చిన్న జైరోస్కోపును టార్పెడోలో పెట్టి, దానిచేత నిలువు చుక్కానిని నడిపించినాడు. టార్పెడో ప్రక్కకు మళ్లినా జైరోస్కోపు తాను మొదట చూచిన దిక్కునే చూచును. ఆ తేడాయే చుక్కానిని త్రిప్పి టార్పెడోను దారికి తెచ్చును. వైట్‌హెడ్ వెంటనే ఆ హక్కును సంపాదించినాడు. శతాబ్దం ముగియునప్పటికి టార్పెడో వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటినది. అదిమిన గాలి శక్తి, నీటి ఒత్తిడి చెవి, లోలకం, బొంగరం, ఈ నాలుగింటితో ఆయుధం పూర్తియైనది.

దీని ఫలితంగా నౌకాదళాల స్వరూపమే మారినది. టార్పెడోలను విడిచే వేగవంతమైన చిన్న పడవలు వచ్చినవి. వాటిని తరిమి ముంచుటకు 1893 నాటినుండి మరొక తెగ ఓడలు వచ్చినవి. టార్పెడో పడవల నాశకులు అను వాటి పేరే కుదించబడి నేటి డెస్ట్రాయరు అయినది. పెద్ద ఓడలు లంగరు వేసినప్పుడు చుట్టును ఇనుప వలలు దించుకొన్నవి. అన్నిటికంటె ముఖ్యంగా, జలాంతర్గామికి తగిన ఆయుధం దొరికినది. వైట్‌హెడ్ 1905లో మరణించినాడు; తన యంత్రం చేయబోయే పనిని అతడు పూర్తిగా చూడలేదు.

1914 సెప్టెంబరు 22 ఉదయం ఉత్తర సముద్రంలో ఒకే ఒక జర్మను జలాంతర్గామి మూడు బ్రిటిషు యుద్ధనౌకలను రెండు గంటలలోపల ముంచినది. 1,400 మందికి పైగా చనిపోయినారు. యాదృచ్ఛికంగా అదే రాత్రి ఎమ్డెన్ అను జర్మను ఓడ మన మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి నూనె తొట్లను తగులబెట్టినది. అప్పుడు కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి. మరుసటి నెలలో ఆ ఎమ్డెనే పెనాంగు రేవులో ఒక రష్యను యుద్ధనౌకను టార్పెడోతో ముంచినది. 1915 మే 7న లూసిటానియా అను ప్రయాణికుల ఓడ ఒక్క టార్పెడో దెబ్బకు మునిగి దాదాపు 1,200 మంది మరణించినారు. తీరరక్షకి అన్న పేరుతో పుట్టిన వస్తువు తీరానికి దూరాన స్త్రీలను, శిశువులను ముంచినది.

రేడియో గలవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చును. మన ఇంటికి పాటను మోసుకొనివచ్చే తరంగాలతోనే టార్పెడోను నడుపరాదా? 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో త్రిప్పి చూపినాడు. అయితే ఆ తరంగాలు ఉప్పునీటిలోనికి చొరబడలేవు. కొద్ది లోతులోనే అణగిపోవును. నీటిలో దూరం పోగలది ధ్వని. అందుచేత ఇరవయ్యవ శతాబ్దపు టార్పెడో చెవి ఒగ్గి ఓడ చప్పుడును వినుట, తానే ధ్వనిని పంపి ప్రతిధ్వనిని పట్టుట నేర్చుకొన్నది.

ఆ విద్యనే నేడు విశాఖపట్నంలో సాధన చేయుచున్నారు. 1969లో అక్కడ నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల ఏర్పడినది. ఓడల, టార్పెడోల నమూనాలను లాగి పరీక్షించుటకు సుమారు అర కిలోమీటరు పొడవుగల నీటితొట్టి అందులో ఉన్నది. అక్కడ రూపొందిన వరుణాస్త్రం అను పెద్ద టార్పెడోను 2016 జూను 29న నౌకాదళానికి అప్పగించినారు. దాని బరువు సుమారు ఒకటిన్నర టన్నులు. తలలో 250 కిలోల మందు. వేగం గంటకు 70 కిలోమీటర్లకు పైగా. నడిపేది గాలి కాదు, విద్యుత్తు; కాబట్టి బుడగల చార లేదు. భారత్ డైనమిక్స్ సంస్థ దానిని విశాఖలోనే తయారుచేయుచున్నది. పరీక్షలలో మందు లేకుండ విడిచిన టార్పెడో పని ముగియగానే పైకి తేలును. దానిని తిరిగి పట్టి తెచ్చుటకు అస్త్రధారిణి అను ప్రత్యేక నౌక 2015 అక్టోబరులో చేరినది. ఇక మన కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు సమీపాన రక్షణ పరిశోధన సంస్థవారి ఆరుబయలు పరీక్షా క్షేత్రం వెలసినది. అక్కడ 2025లో గాలిలో పోయే ఆయుధాలను పరీక్షించినారు. పొరపాటును తానే దిద్దుకొనే యంత్రపు సంతతి ఈ విధంగా మన మెట్టనేలకును చేరినది.

ఈ ఆయుధం వలన మనమును నష్టపోయినవారమే. 1971 యుద్ధంలో డిసెంబరు 3–4 రాత్రి విశాఖ రేవు వెలుపల టార్పెడోలు, మైన్లు మోసుకొనివచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. మునిగిన కారణాన్ని గూర్చి రెండు దేశాల కథనాలు భిన్నమైనవి. అయిదు రోజుల తరువాత, డిసెంబరు 9 రాత్రి, అరేబియా సముద్రంలో డయ్యూ సమీపాన పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ విడిచిన టార్పెడో మన ఖుక్రీ నౌకను ముంచినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయినారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకొనే అవకాశమున్నను ఓడను విడువక దానితోనే మునిగినాడు.

టార్పెడో తన దారిని తాను దిద్దుకొనుట నేర్చిన యంత్రం. లోతు తప్పితే పలక చెప్పును, వాలు తప్పితే లోలకం చెప్పును, దిక్కు తప్పితే బొంగరం చెప్పును. కాని ఎవరిపైకి పోవలెనో, అసలు పోవలెనో వద్దో చెప్పే భాగం అందులో లేదు. దానిని ఏ కర్మాగారమును అమర్చలేదు. ఆ బాధ్యత మనిషిదే, రాజ్యాలను నడిపేవారిదే. విశాఖ ఒడ్డున టార్పెడోను తీర్చిదిద్దే తెలుగు ఇంజనీరు చేతిలో అది తీరరక్షకిగానే నిలుచుగాక అని కోరుకొనుటకు, సముద్రం చూడని మెట్టసీమవారికి కూడ పూర్తి హక్కు ఉన్నది.